సమాసమూ సారాంశమూ – మా ఇంట్లో పాట పలకని కథ



ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కంప్యూటరు గురించి వ్రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే: అది నన్ను మూడు వారాలు ముప్పుతిప్పలు పెట్టింది. ఆ మూడు వారాలలో నాకు బోధపడినదేమిటంటే, ఇంట్లో పాట పలకకపోవడానికి కారణం చాలాసార్లు యంత్రం చెడిపోవడం కాదు. ఎప్పుడో ఎక్కడో కొందరు చేసుకున్న ఏర్పాటు ఒకటి, దానితో పొసగని విధంగా మరికొందరు చేసుకున్న ఏర్పాటు మరొకటి. సెట్టింగుల పట్టికలో కనిపించే ప్రతి మాట వెనుకా ఒక చరిత్ర ఉంది. ఈ టపా ఆ చరిత్ర గురించి.

ముందుగా మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్నగారికి నాటక పద్యాలంటే ప్రాణం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు ఆయనకు కంఠోపాఠం. 1986లో ఒక వేసవి సాయంత్రం అరుగు మీద కూర్చుని పాడుతుంటే నేను టేప్ రికార్డరులో పట్టాను. హార్మోనియం లేదు, మద్దెల లేదు, ఒంటి గొంతు. అరవై నిమిషాల క్యాసెట్టు, వైపుకు ముప్పై నిమిషాలు. 1991లో నాన్నగారు కాలం చేశారు. ఆయన గొంతుకు మాకు మిగిలిన ఆధారం అదొక్కటే. 2005లో ఇంటికి కంప్యూటరు వచ్చినప్పుడు దానిని ఎంపీత్రీగా మార్చి, ఐదేసి నిమిషాల చొప్పున పన్నెండు ముక్కలు చేసి దాచాను. డిస్కులో చోటు కలిసివస్తుందని 64 కిలోబిట్ల మెట్టు ఎంచుకున్నాను. పని పూర్తయిందనుకుని క్యాసెట్టును అటక మీద పెట్టెలో పడేశాను. ఈ రెండు పనులూ ఎంత పొరపాటో తరువాత తెలిసింది.

మా అమ్మకు ఇప్పుడు 88 ఏళ్ళు. మెట్లు ఎక్కలేదు. కంప్యూటరేమో మేడ మీద. బెంగుళూరులో ఉన్న మా మేనల్లుడు ఈ మధ్య వచ్చినప్పుడు కంప్యూటరులో ఒక సర్వరు పెట్టి, కింద హాల్లో వైఫైతో పనిచేసే చిన్న ప్లేయరు ఒకటి అమర్చి, "ఇక అమ్మమ్మ మంచం మీద నుంచే తాతయ్య పద్యాలు వినవచ్చు మామయ్యా" అని చెప్పి రైలెక్కాడు. రైలు స్టేషను దాటిందో లేదో, ప్లేయరు మూగబోయింది.

దండోరా

మొదటి చిక్కు: ప్లేయరుకు సర్వరే కనిపించలేదు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే రూటరు నీడలో ఉన్నాయి. అయినా "ఏ సర్వరూ లేదు" అంటుంది.

ఇంటిలోని యంత్రాలు ఒకదానినొకటి ఎవరి సాయమూ లేకుండా గుర్తుపట్టాలన్న ఆలోచనతో 1999లో యూపీఎన్‌పీ ఫోరం ఏర్పడింది. ఆ పద్ధతిలో ప్రతి యంత్రమూ ఇంటి నెట్‌వర్కులోకి వచ్చీ రాగానే 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకు తన రాకను చాటుతుంది. మన ఊళ్ళలో దండోరా వేసినట్లే. వినదలచిన వారందరూ వింటారు. 2003లో పెద్ద కంపెనీలు కొన్ని కలిసి, ఇదే పునాది మీద డీఎల్‌ఎన్‌ఏ అనే కూటమిని కట్టుకున్నాయి. ఎవరి టీవీ అయినా, ఎవరి ప్లేయరైనా, ఎవరి కంప్యూటరులోని పాటనైనా పాడాలన్నది వారి ఆశయం. కూటమి 2017లో రద్దయింది కాని, అది పెట్టిన నియమాలు నేటికీ మన ఇళ్ళలోని పెట్టెలలో బతికే ఉన్నాయి.

దండోరా ఊరి పొలిమేర దాటదు కదా! మా రూటరులో అతిథుల కోసం వేరే వైఫై ఉంది. అందులో చేరినవారికి ఇంటర్నెట్టు అందుతుందే కాని, ఇంటిలోని తక్కిన యంత్రాలు కనబడవు. పరాయివాళ్ళ ఫోను మన కంప్యూటరులోకి తొంగిచూడకూడదని అలా గోడ కట్టారు. ప్లేయరును ఒకసారి ఆపి పెట్టినప్పుడు నేనే పొరపాటున దానిని అతిథుల వైఫైలో చేర్చాను. ఇంటివాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి ఎందుకు రావడంలేదని అడిగినట్లయింది. సొంత వైఫైలోకి మార్చగానే సర్వరు కనిపించింది.

ముక్కల మధ్య మౌనం

నాన్నగారి గొంతు హాల్లో పలికింది. అమ్మ లేచి కూర్చుంది. ఐదు నిమిషాలు గడిచాయి. సరిగ్గా రాగం సాగుతున్న చోట చటుక్కున ఒక చిన్న మౌనం, మళ్ళీ గొంతు. "అక్కడ ఊపిరి తీసుకునేవారు కాదురా" అంది అమ్మ.

ముక్కలు చేసింది నేనే. అయినా అతుకు తెలియకుండా కలవాలి కదా. ఇక్కడ ఎంపీత్రీ స్వభావం తెలుసుకోవాలి. అది ధ్వనిని 1,152 నమూనాల చొప్పున మూటలు కడుతుంది. ఒక్కొక్క మూట సెకనులో సుమారు నలభైయవ వంతు. ఆఖరి మూట నిండకపోతే మౌనంతో నింపుతుంది. కట్టే పద్ధతి వల్ల మొదట్లో కూడా కొంత మౌనం చేరుతుంది. చందస్సు సరిపోక పాదం చివర వ్యర్థపదం వేసే కవి పని ఇదే. తరువాతి కాలంలో కొన్ని మార్పిడి సాధనాలు "ముందు ఇంత, వెనుక ఇంత మౌనం నేను చేర్చినది" అని ఫైలులోనే గుర్తు పెట్టసాగాయి. ఆ గుర్తును చదివే ప్లేయరు దానిని తీసివేసి వినిపిస్తుంది. నా 2005 నాటి ఫైళ్ళలో ఆ గుర్తు లేదు. సంధి జరగవలసిన చోట నేను విసంధి దోషం చేసి ఉంచాను.

పేరు చెప్పుకున్న పాట

ఇంకొక తలనొప్పి పేర్లది. ప్లేయరు తెర మీద పద్యాల పేర్లకు బదులు నెత్తిన గీతలు పెట్టుకున్న రోమను అక్షరాలు వరుసకట్టాయి. యూనికోడు తొలిరోజులలో డబ్బాలు డబ్బాలుగా కనిపించిన తెలుగుతో కుస్తీ పట్టిన మిత్రులకు ఈ దృశ్యం కొత్త కాదు.

పాటకు పేరు తగిలించే అవసరం పాటను పట్టడమంత పాతది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ రికార్డు ఎవరిదో అక్కడివారికి తెలియాలి. అందుకని పాట ముగియగానే గాయని తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించింది. నా దృష్టిలో మన దేశపు పాటకు తొలి ట్యాగు అదే.

ఎంపీత్రీకి మొదట ఆ సౌకర్యం కూడా లేదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఫైలు చివర 128 బైట్ల చిన్న చీటీ అంటించే పద్ధతి కనిపెట్టాడు. దాని పేరు ఐడీత్రీ. పాట పేరుకు 30 బైట్లు, గాయకుడికి 30, ఆల్బముకు 30. రోమను లిపిలో అక్షరానికి ఒక బైటు కనుక వారికి 30 అక్షరాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు కావాలి. అచ్చు గుర్తూ, పొల్లూ, సున్నా అన్నీ వేరు వేరు సంకేతాలే. అంటే మనకు దక్కేది పది. నేను "శ్రీకృష్ణరాయబారం" అని వ్రాస్తే, అందులో పదహారు సంకేతాలున్నాయి కనుక, చీటీలో "శ్రీకృష్ణర" వరకే మిగులుతుంది!

1998లో వచ్చిన రెండవ ఐడీత్రీ ఈ ఇరుకును తొలగించి యూనికోడుకు చోటిచ్చింది. 2000లో వచ్చిన సవరణలో యూటీఎఫ్-8 కూడా చేరింది. నేను 2005లో వాడిన సాధనమేమో తెలుగు బైట్లు వ్రాసి, "ఇది పశ్చిమ ఐరోపా లిపి" అని పైన గుర్తు పెట్టింది. ప్లేయరు ఆ గుర్తును నమ్మింది. పన్నెండు ఫైళ్ళకూ కొత్త చీటీలు అంటించాక తెర మీద తెలుగు వెలిగింది.

సారాంశం

మౌనాలు సరిచేశాను, పేర్లు సరిచేశాను. అమ్మ విని, "అంతా బాగానే ఉంది కాని, పక్కింట్లోంచి పాడుతున్నట్టుందిరా" అంది. చెవి ఒగ్గి విన్నాను. నాన్నగారు శకారానికీ షకారానికీ తేడా పలకని విద్యార్థిని గోడకుర్చీ వేయించేవారు. ఆయన పద్యంలోనే ఆ రెంటికీ తేడా పలచబడి ఉంది. ఈ దోషానికి ఏ సెట్టింగూ మందు కాదు. ఇది 2005లో నేను చేసిన పని.

సీడీ ధ్వనికి సెకనుకు 14,11,200 బిట్లు కావాలి. దీనిని టెలిఫోను తీగలలో పంపగల స్థాయికి కుదించాలన్న కోరిక జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డీటర్ జైట్సర్‌ది. ఆయన శిష్యుడు కార్ల్‌హైన్స్ బ్రాండెన్‌బర్గ్ ఆ పనికి పూనుకున్నాడు. ఫ్రౌన్‌హోఫర్ సంస్థ తోడయింది. సూత్రం మనందరి అనుభవంలో ఉన్నదే. ఊరేగింపులో డప్పులు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినబడదు. పెద్ద ధ్వని తన దగ్గరి చిన్న ధ్వనిని మింగుతుంది. వినబడనిదానికి బిట్లు ఖర్చు పెట్టడం ఎందుకు? తీసివేస్తే సరి.

అయితే మింగడానికి పెద్ద ధ్వని ఉండాలి కదా! బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని సుజాన్ వేగా పాడిన "టామ్స్ డైనర్" అనే పాట మీద పరీక్షించాడు. వాద్యాలు లేకుండా ఒంటి గొంతుతో పాడిన పాట అది. మొదట్లో ఆ గొంతు వికృతంగా వచ్చింది. దానిని సరిగా పలికించడానికి పద్ధతిని మళ్ళీ మళ్ళీ సవరించవలసి వచ్చింది. ఆ కృషి 1993లో ప్రచురితమైన ఎంపెగ్ ప్రమాణంలో భాగమైంది. ఫైలు పేరు చివర వ్రాసే "ఎంపీత్రీ" అన్న తోకను 1995 జులై 14న ఖాయం చేశారు. 2017లో ఫ్రౌన్‌హోఫర్ తన లైసెన్సుల కార్యక్రమాన్ని ముగించింది.

64 కిలోబిట్లంటే 22 పాళ్ళ సమాచారంలో ఒక పాలు. అంత ఇరుకులో మొదట దెబ్బతినేది పై స్థాయి ధ్వనులు. శషసల ఊష్మధ్వని ఉండేది అక్కడే. ఒంటి గొంతులో ఆ లోటును కప్పడానికి మద్దెల కూడా లేదు. నేను చేసింది కుదించడం కాదు, సారాంశం వ్రాసుకుని మూలప్రతిని అటకెక్కించడం. సారాంశం నుంచి కావ్యాన్ని తిరిగి రాబట్టిన పండితుడు ఇంతవరకు పుట్టలేదు.

సమాసం

అటక ఎక్కాను. క్యాసెట్టు దొరికింది. టేపుకు ఒక చివర బూజు పట్టి, చుట్టలు అంటుకుపోయి ఉన్నాయి. విడదీయబోతే తెగింది. టేపు ఒక్కటే, వైపులు రెండు కనుక, ఒక చివర పోతే రెండు వైపులా పోతుంది. తెలిసిన మెకానిక్ ఒకాయన పాడైన భాగం కత్తిరించి కొత్త గుల్లలో బిగించి ఇచ్చాడు. రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు దక్కాయి. ఇరవై నిమిషాలు పోయాయి.

దక్కిన నలభై నిమిషాలను ఈసారి ఫ్లాక్ పద్ధతిలో దాచాను. దీనికి ఆద్యుడు జాష్ కోల్సన్. మొదటి పూర్తి రూపం 2001లో వెలువడింది. 2003లో జిఫ్ సంస్థ గొడుగు కిందికి వచ్చింది. 2024 డిసెంబరులో ఇంటర్నెట్టు ప్రమాణాలను నిర్ణయించే సంఘం దీని స్వరూపాన్ని అధికారికంగా ప్రకటించింది.

ఇది దేనినీ తీసివేయదు. వచ్చే నమూనా ఎలా ఉంటుందో గడచిన నమూనాలను బట్టి ఊహిస్తుంది. ఊహకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రమే వ్రాసుకుంటుంది. ఉత్పలమాల నడక తెలిసినవాడు తరువాత గురువో లఘువో ముందే చెప్పగలడు కదా, అలాగన్నమాట. ఊహ మంచిదైతే తేడా చిన్నది, చిన్నదానికి చోటు తక్కువ. పరిమాణం సాధారణంగా సగానికి కాస్త అటూ ఇటూగా తగ్గుతుంది. విప్పితే ఒక్క బిట్టు తేడా లేకుండా మూలమే వస్తుంది. "రాముని బాణము"ను "రామబాణము" అని కుదించాం, కావాలంటే విగ్రహవాక్యం చెప్పి విడదీస్తాం. ఫ్లాక్ సమాసం, ఎంపీత్రీ సారాంశం. ఈ ఒక్క ముక్క నాకు 2005లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

హోరు, హెచ్చిన శ్రుతి

కొత్త ఫైళ్ళను సర్వరులో పెట్టి హాల్లోకి వచ్చాను. ప్లేయరు నుంచి జలపాతం హోరు! గొంతు లేదు, పద్యం లేదు.

మేనల్లుడికి ఫోను చేశాను. "మామయ్యా, ఆ ప్లేయరుకు ఫ్లాక్ రాదు. డీఎల్‌ఎన్‌ఏ వాళ్ళు ప్రతి పెట్టెకూ తప్పనిసరి చేసింది ఎల్‌పీసీఎం ఒక్కటే. అందుకని సర్వరు ఫ్లాకును విప్పి, ఉత్త అంకెలుగా పంపుతోంది. ఆ అంకెలను అది తిరగేసి చదువుతోంది" అన్నాడు.

ధ్వనిని అంకెలుగా వ్రాయడం 1930ల చివర అలెక్ రీవ్స్ తలపెట్టిన పని. ఎల్‌పీసీఎం దాని వారసత్వమే. ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు, అంటే రెండు బైట్లు. ఏది ముందు వ్రాయాలి, పెద్ద స్థానమా, చిన్న స్థానమా? కంప్యూటర్లవారు ఈ విషయమై రెండు శాఖలుగా చీలారు. 1980లో డానీ కోహెన్ ఆ తగవును వర్ణిస్తూ, గలివర్ యాత్రలలో గుడ్డును ఏ కొసన పగలగొట్టాలా అని యుద్ధం చేసిన లిల్లిపుట్ వాసుల పేర్లే రెండు శాఖలకూ పెట్టాడు. మనకు ఈ తగవు కొత్త కాదు. భూతసంఖ్యలలో "వేదబాణ" అంటే వేదాలు నాలుగు, బాణాలు ఐదు. కాని విలువ 45 కాదు, 54. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదవాలి. ఆ సంగతి తెలియనివాడు శాసనకాలాన్ని తారుమారు చేస్తాడు. మా ప్లేయరు చేసింది అదే. సర్వరు సెట్టింగులలో బైట్ల వరుస మార్చే గడి ఉంది. మార్చగానే హోరు ఆగి గొంతు వచ్చింది.

అమ్మ వింది. "ఇది మీ నాన్న కాదురా. ఎవరో కుర్రాడు" అంది.

గడియారం పెట్టి చూశాను. ఐదు నిమిషాల పద్యం 4 నిమిషాల 36 సెకన్లలో ముగిసింది. శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం హెచ్చింది. పాత గ్రామఫోను రికార్డులకు తొలిరోజులలో వేగం ఒక్కటిగా ఉండేది కాదు. రికార్డు ఒక వేగాన పట్టి, పెట్టె మరొక వేగాన తిప్పితే గొంతు మారిపోయేది. మా ఇంట్లో తిరిగే పళ్ళెం లేదు, అయినా అదే రోగం.

మనిషి చెవికి వినబడే పరిమితి సుమారు 20,000 హెర్ట్‌జులు. దానికి రెట్టింపుకు మించి నమూనాలు తీస్తే ధ్వనిని పూర్తిగా పట్టవచ్చునని నైక్విస్టు, షానన్ల సిద్ధాంతం. 1982 అక్టోబరులో జపానులో అమ్మకానికి వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలు ఎంచుకుంది. ఆ వింత అంకె ఎందుకు? ఆ రోజులలో అంత సమాచారం పట్టగలిగినది వీడియో టేపు ఒక్కటే. జపాను, అమెరికా పద్ధతిలో సెకనుకు 60 తెరలు, తెరకు పనికివచ్చే గీతలు 245, గీతకు 3 నమూనాలు: గుణిస్తే 44,100. ఐరోపా పద్ధతిలో 50 తెరలు, 294 గీతలు, 3 నమూనాలు: మళ్ళీ 44,100. రెండు ఖండాల టీవీలకూ కుదిరిన ముహూర్తమది! వీడియో వృత్తిలోని వారు మాత్రం తమ లెక్కలకు సులువైన 48,000 వైపు మొగ్గారు. అప్పటినుంచి రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే సాగుతున్నాయి.

నేను క్యాసెట్టును పట్టింది 44,100తో. ఉత్త అంకెల ప్రవాహంలో వేగం వ్రాసి ఉండదు, పక్కన వేరుగా చెప్పాలి. సర్వరు చెప్పింది. ప్లేయరు వినిపించుకోకుండా 48,000 అనుకుంది. "మీ పద్యం తప్పు కాదు మామయ్యా, దాని విలాసం చదవడంలో తప్పు. వేవ్ అని ఉన్నచోట నొక్కండి" అన్నాడు మేనల్లుడు. 1991లో వచ్చిన వేవ్ పద్ధతిలో అవే అంకెల ముందు మామూలుగా 44 బైట్ల చిన్న పీఠిక ఉంటుంది: సెకనుకు ఎన్ని నమూనాలు, ఒక్కొక్కటి ఎన్ని బిట్లు, ధ్వనిమార్గాలు ఎన్ని. బైట్ల వరుస కూడా ఆ పద్ధతిలోనే నిర్ణీతం. పీఠిక లేని గ్రంథాన్ని అపార్థం చేసుకున్న ప్లేయరు, పీఠిక చూడగానే దారికి వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ నలభై నిమిషాలూ కదలకుండా వింది. శకారం శకారంగా, షకారం షకారంగా పలికాయి. నలభై నిమిషాలు ముగిశాక, పోయిన భాగానికి పాత 64 కిలోబిట్ల ముక్కలు వచ్చేలా వరుస పెట్టాను. గొంతు మళ్ళీ పక్కింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. నా వైపు మాత్రం ఒకసారి చూసింది.

మీ ఇళ్ళలోనూ అటకల మీద ఇలాంటి క్యాసెట్లు ఉండి ఉంటాయి. వాటిని దించండి. ముందు సమాసంగా దాచి, రెండుచోట్ల ప్రతులు ఉంచండి. ఆ తరువాత ఫోనుకో కారుకో కావలసినన్ని సారాంశాలు వ్రాసుకోవచ్చు. ప్లేయరు పలకకపోతే ఇవాళ కాకపోతే రేపు పలికించవచ్చు. దానికి మేనల్లుళ్ళు ఉన్నారు. పోయిన ఇరవై నిమిషాలకు మాత్రం ఎవరూ లేరు.

సెలవు.